మూడో బెంచీ కొస

ఆ పొద్దున ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. కానీ అది వాన మబ్బు కాదు. వాన మబ్బు అడుగున నల్లగా ఉంటుంది, బరువుకి కిందికి వేలాడుతుంది. ఇది దూది ఏకి ఆరబెట్టినట్టు పల్చగా, ఎక్కడో పైన ఉంది. తూర్పున ఒక చోట చిరిగి వెలుగు కూడా కనిపిస్తోంది. పది గంటలకల్లా ఎండ కాస్తుంది. పొలం గట్ల మీద పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలియకపోదు.

తెలిసీ, సైకిలు దిగకుండా ఒక కాలు నేలకి ఆనించి, ఆ ముసలావిడతో అన్నాను.

“వాన వచ్చేలా ఉంది. ఈ పూట పిల్లని బడికి పంపకు.”

ఆవిడ వాకిట్లో కూర్చుని గింజలు చెరుగుతోంది. చేట ఆపి తలెత్తి ఆకాశంకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నాకంటే ఇరవై వానాకాలాలు ఎక్కువ చూసిన మనిషి.

“అలాగే మేష్టారూ” అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

గడపలో ఆవిడ మనవరాలు నిలబడి ఉంది. తల నున్నగా దువ్వి రెండు జడలు వేశారు. ఉతికిన గౌను. చేతిలో ఎర్రదారం చుట్టిన చిన్న పుల్లల కట్ట. నన్ను చూసి దాన్ని వీపు వెనక్కి పెట్టుకుంది. నేను సైకిలు తిప్పేశాను. ఎదురుగాలి లేదు. అయినా దారంతా తొక్కడం బరువుగానే ఉంది.

ఆ రోజు మా అక్క కూతురికి పరీక్ష.

అది టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. ఆ చదువులో చివరి ఆరు వారాలు ఏదైనా బడికి వెళ్ళి నిజంగా పాఠాలు చెప్పాలి. ఆఖరి రోజున కాలేజీ నుంచి మేడం ఒకావిడ వచ్చి, వెనక కూర్చుని ఒక పాఠం చూసి వెళుతుంది. ఆవిడ సరేనంటే వచ్చే నెలలో ఉద్యోగం. కాదంటే ఆరు నెలలు మళ్ళీ మొదటినుంచి. అక్క దాన్ని పెట్టెతో సహా మా ఇంట్లో దింపి, “నీ చేతుల్లో పెడుతున్నానురా తమ్ముడూ. నీ బడి, నీ పిల్లలు. దీన్ని గట్టెక్కించే పూచీ నీది” అంది.

నేను “ఊఁ” అన్నాను.

నా ఊఁకి ఐదు అర్థాలున్నాయని మా ఆవిడ అంటుంది. విన్నాను, వినలేదు, సరే, కుదరదు, అన్నం పెట్టు. ఏది ఎప్పుడో పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకి కూడా తనకి పట్టుబడలేదట.

అది మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఒక సాయంత్రం వరండాలో సైకిలు బోర్లా పెట్టి గొలుసుకి నూనె వేస్తున్నాను. మేనకోడలు మెట్టు మీద కూర్చుని మాట్లాడుతోంది. అది మాట్లాడటం మొదలుపెడితే వాగు పారినట్టే, ఎక్కడా రాయి అడ్డుండదు.

“మావయ్యా, మా మేడం వేరే దేశంలో రెండేళ్ళు చదువుకొచ్చారు తెలుసా? ఒక్కో దేశంలో టీచర్లని ఒక్కోలా తయారుచేస్తారంట. ఒక చోట కొత్తవాళ్ళు ఏడాది పొడుగునా ఒక పెద్ద టీచరు పక్కనే నిలబడి, ఇద్దరూ కలిసి పాఠం చెప్తారంట. ఇంకో చోట పదిమంది టీచర్లు కూర్చుని ఒక్క పాఠం గురించి వారాల తరబడి మాట్లాడుకుని, ఒకరు చెప్తుంటే మిగతావాళ్ళు గోడ చుట్టూ నిలబడి చూస్తారంట. చూసేది టీచర్ని కాదు, పిల్లల మొహాల్ని.”

లోపల్నుంచి మా ఆవిడ అందుకుంది. “మరి మీ మావయ్యని ఏ దేశంలో తయారుచేశారే? అన్నీ అమర్చారు గానీ నోరు బిగించడం మర్చిపోయారు.”

“నువ్వూరుకో అత్తయ్యా. మావయ్యా, అసలు సంగతి విను. మా మేడం అక్కడ్నుంచి ఒక పద్ధతి తెచ్చారు. మేం క్లాసులో ఒక్క పిల్లని ఎంచుకోవాలి. అందరికంటే వెనకబడ్డ పిల్లని. ఆ పిల్ల ఏం తప్పు చేస్తోంది, ఎందుకు చేస్తోంది, ఏం చేస్తే దారిలో పడింది, ఆరు వారాలూ పుస్తకంలో రాయాలి. పరీక్ష రోజు మేడం చూసేది ఆ పిల్లనే. మిగతా క్లాసంతా గొంతు చించుకుని చెప్పినా లెక్కలోకి రాదు. నేను ఎవర్ని ఎంచుకున్నానో చెప్పనా?”

“ఊఁ” అన్నానట.

ఈ మాటలన్నీ తర్వాత మా ఆవిడ అప్పజెప్పింది. నాకు అప్పుడు వినబడింది నోరు బిగించడం మర్చిపోయారన్నది ఒక్కటే. గొలుసులో ఒక లంకె పట్టేసింది. దాన్నే చూస్తున్నాను.

మేనకోడలు ఎంచుకున్నది ఆ ముసలావిడ మనవరాలినే. మూడో బెంచీ కొసన కూర్చుంటుంది. అన్నీ ఆలస్యం. పలక తీయడం ఆలస్యం, లెక్క చేయడం ఆలస్యం, నవ్వులాట జరిగితే అందరూ నవ్వి ఊరుకున్నాక తను నవ్వుతుంది. ఒకటో తరగతిలో ఉండగా ఒకరోజు హాజరు పిలుస్తూ, “ఏమ్మా నిదానమ్మా, వచ్చావా, ఇంకా దారిలోనే ఉన్నావా?” అన్నాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది. నేను ఏడాదికోసారి వేసే హాస్యం. అది కాస్తా దానికి పేరై కూర్చుంది. బళ్ళోనూ అదే, వీధిలోనూ అదే.

మేనకోడలు రోజూ మధ్యాహ్నం ఆ పిల్ల పక్కన కూర్చోవడం నేను చూశాను. జాలి అనుకున్నాను. కొత్తల్లో అందరికీ ఉండేదే, చెప్పుల్లాగా వాడగా వాడగా అదే అరుగుతుందనుకున్నాను.

ఒకరోజు కిటికీ అవతల నిలబడి వాళ్ళ మాటలు విన్నాను. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యమంది. పిల్ల ముప్పై అయిదని రాసింది. రెండేళ్ళుగా అదే రాస్తోంది. రెండేళ్ళుగా నేను ఎర్రసిరాతో కొట్టేస్తున్నాను.

“ఎందుకమ్మా ముప్పై అయిదు?” అని అడిగింది మేనకోడలు.

పిల్ల చాలాసేపు ఊరుకుంది. మేనకోడలు కూడా ఊరుకుంది. నేనయితే అంతసేపట్లో నలుగురి పలకలు దిద్దేవాణ్ణి.

“రెండు దగ్గర ఏడు లేవు కదా టీచర్” అంది చివరికి పిల్ల. “లేనోళ్ళని అడిగి బాధపెట్టకూడదంది మా నానమ్మ. అందుకని ఉన్నోళ్ళనే అడిగా. ఏడులోంచి రెండు తీశా.”

నేను అక్కడ ఇంకా నిలబడలేక వెళ్ళి గంట కొట్టేశాను. అప్పటికింకా నాలుగు నిమిషాల టైముంది.

మర్నాడు మేనకోడలు చీపురు పుల్లలు తుంచి, పదేసి చొప్పున ఎర్రదారంతో కట్టలు కట్టి తెచ్చింది. “నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు. నీ కట్ట నువ్వే విప్పుకోవచ్చు” అని చెప్పింది. అక్కడిదాకా చూశాను. తర్వాత ఏమైందో కనుక్కోలేదు.

తనిఖీ రోజున వెనకబడ్డ పిల్లల్ని ఇంటి దగ్గరే ఉంచడం మా తరం మేష్టర్లకి అలవాటు. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఒకరు చెప్పగా ఒకరు నేర్చుకున్నదీ కాదు. పక్కవాణ్ణి చూసి నేర్చుకున్నది. అందుకే ఆ పొద్దున మేనకోడలు లేవకముందే సైకిలు తీశాను. దానికి నేను చేయగలిగిన సాయం అదే అనుకున్నాను.

మేడం పది గంటలకి వచ్చింది. నా వయసే ఉంటుంది. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. నా పక్కనే వెనక బెంచీలో కూర్చుంది. పిల్లల బెంచీ కదా, ఇద్దరి మోకాళ్ళూ గడ్డాల దాకా వచ్చాయి. ఒళ్ళో మేనకోడలు రాసిన పుస్తకం పెట్టుకుంది.

పాఠం మొదలైంది. తీసివేతలు. మేనకోడలు తలుపుకేసి ఒకసారి చూసింది. లెక్క బోర్డు మీద వేసి ఇంకోసారి చూసింది. పిల్లలు బ్రహ్మాండంగా చెబుతున్నారు. ఒకరి నోట్లోంచి మాట రాకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. నాకు లోపల పొంగింది. గట్టెక్కించాను అక్కా అనుకున్నాను.

అప్పుడే మబ్బు విచ్చి ఎండ వచ్చింది. కిటికీలోంచి పలకంత వెలుగు మూడో బెంచీ కొస మీద పడింది. అక్కడ ఎవరూ లేరు.

మేడం బోర్డు చూడటం లేదు. అక్కడే చూస్తోంది.

“ఆ కొసన కూర్చునే పాప ఏది మేష్టారూ?” అని మెల్లగా అడిగింది.

“రాలేదండి.”

అబద్ధం కాదు. కానీ పొద్దున ఆడిన అబద్ధం దీనికంటే నయం.

“అయ్యో. నేను వచ్చింది ఆ పాప కోసమే” అని మేడం పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. ఎందుకు పెట్టిందో, చదవమనో, కళ్ళజోడు తుడుచుకోవడానికో. నేను చదివాను. మొదటి పేజీలో ఆ పిల్ల అసలు పేరు గుండ్రటి అక్షరాలతో ఉంది. ఆ తర్వాత రోజు వెంట రోజు. ‘కట్ట విప్పడానికి భయపడింది. విప్పితే మళ్ళీ కట్టడం రాదేమోనని అడిగింది.’ ‘కట్టడం నేర్పాను.’ ‘ఈ రోజు తనే విప్పింది. నన్ను అడగలేదు. ఇరవై అయిదు అని రాసి, తనే ఆశ్చర్యపోయింది.’ మధ్యలో ఒక పేజీలో ఇలా ఉంది: ‘అందరూ తనని నిదానమ్మ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగాను. చెప్పలేదు.’

చెప్పలేదు. పెద్ద మేష్టారు పెట్టారని ఏడేళ్ళ పిల్ల చెప్పలేదు.

పాఠం అయిపోయింది. మేడం లేచి ముందుకి వెళ్ళింది. “బాగా చెప్పావమ్మా. కానీ నేను చూడాల్సిన పాప లేదు. ఏమైంది?”

“తెలీదండి” అంది మేనకోడలు. సుద్దముక్క రెండు చేతుల మధ్యా నలుపుతోంది. “నిన్న సాయంత్రం కూడా తప్పకుండా వస్తానంది. జ్వరమేమో.”

“వాన వస్తుందనుకుందేమో టీచర్!” అని ముందు బెంచీ గడుగ్గాయి ఒకతె అంది. బయట ఎండ పెళ్ళున కాస్తోంది. పిల్లలందరూ నవ్వారు.

“పన్నెండింటికి నా బస్సు. అదొక్కటే ఉంది” అంది మేడం.

గడియారంలో పదీ నలభై అయింది. నేను నోరు విప్పలేదు. పదీ నలభై అయిదయింది. మేడం సంచి సర్దుకుంటోంది. మేనకోడలు గుమ్మం దాకా వెళ్ళి దారికేసి చూసి, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నేను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ముసలావిడ చెప్పదు, పిల్ల అసలు చెప్పదు. చెప్పని పిల్ల అని ఇప్పుడే చదివాను.

“నేనే రావద్దన్నాను” అన్నాను.

బళ్ళో మేనకోడలు నన్ను సార్ అనే పిలుస్తుంది. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు, “ఎందుకు మావయ్యా?” అంది.

నీ కోసమే అనబోయాను. అది నోటిదాకా వచ్చి, అక్కడ నిలబడలేకపోయింది. వెళ్ళి సైకిలు తీశాను.

ముసలావిడ వాకిట్లోనే ఉంది. చేట గోడకి ఆనించి, ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“వాన వెలిసిందా మేష్టారూ?” అంది. “పాపం, తడవకుండా వచ్చారు.”

నేను తల దించుకున్నాను. పిల్ల లోపలుంది. ఉతికిన గౌను మడిచి దండెం మీద వేసి, పాతది తొడుక్కుంది. ఒక జడ విప్పేసింది, రెండోది అలాగే ఉంది. పుల్లల కట్ట పొయ్యి పక్కన వంటచెరుకులో ఉంది. అది విసిరేసింది కాదు. మిగతా పుల్లల పక్కన సర్ది పెట్టింది.

నేను కింద కూర్చున్నాను. దాని ఎత్తుకి రావాలంటే కూర్చోవాల్సిందే. రెండేళ్ళలో అలా కూర్చోవడం మొదటిసారి.

“వాన రాదని నాకు పొద్దునే తెలుసమ్మా. అబద్ధం చెప్పాను” అన్నాను.

“నాకూ తెలుసు మేష్టారూ” అంది.

“మరి ఎందుకు రాలేదు?”

“మీరు వద్దన్నారుగా.”

కట్ట తీసి దానికిచ్చాను. తీసుకుంది. రమ్మంటే వచ్చింది. వద్దంటే ఆగినట్టే, రమ్మంటే వచ్చింది. సైకిలు వెనక ఎక్కించుకున్నాను. నా చొక్కా పట్టుకోమన్నాను. పట్టుకోలేదు, సీటు కింది ఇనప కడ్డీ పట్టుకుని కూర్చుంది.

పదకొండూ పదికి బడికి చేరాం. మేనకోడలు పరుగున వచ్చి పిల్లని దించి, విప్పిన జడ గబగబా అల్లింది. తొందరలో పాయలు జారిపోయాయి. మళ్ళీ అల్లింది. మేడం ఈసారి ముందు బెంచీలో కూర్చుంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

“రోజూ చేసే లెక్కేనమ్మా. నీకు వచ్చిందే” అంది మేనకోడలు. యాభై రెండులోంచి ఇరవై ఏడు.

బల్ల మీద అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టింది. అయిదోది పిల్ల తెచ్చుకున్న కట్టే. పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ముడిని తడిమింది. మేడం ముందుకి వంగింది.

పిల్ల తలెత్తి గుమ్మంలో ఉన్న నన్ను చూసింది.

చాలాసేపు చూసింది. నాకు పక్కకి తప్పుకోవాలని తోచలేదు. ఇప్పుడు తోస్తుంది, రోజూ తోస్తుంది.

తర్వాత కట్టని విప్పకుండానే బల్ల మీద పెట్టేసింది. సుద్ద తీసుకుని బోర్డు మీద ముప్పై అయిదు అని రాసింది. వెళ్ళి మూడో బెంచీ కొసన కూర్చుంది.

మేనకోడలు “తప్పు” అనలేదు. వెళ్ళి దాని పక్కన కూర్చుంది.

మేడంని బస్సు దాకా నేనే దింపాను. ఆవిడ నడుస్తోంది, నేను సైకిలు నడిపిస్తూ పక్కన. చివరికి నేనే అన్నాను.

“తప్పు నాదని రాయండి మేడం. మా మేనకోడలు రాసిన పుస్తకం చూశారుగా. మీరు నిన్న వచ్చి ఉంటే ఆ పిల్ల చేసేది.”

“చేసే ఉంటుంది. నేను ఇవాళ చూసిందే రాయగలను.” సంచిలోంచి కాగితం తీసి చూపించింది. గడులు గడులుగా ఉంది. “ట్రైనీకి గడి ఉంది. పాపకి ఉంది. పాఠానికి ఉంది. ఇందులో మీకు గడి లేదు మేష్టారూ.”

కొంచెం దూరం వెళ్ళాక అడిగింది. “మీ పరీక్ష ఎలా జరిగింది?”

నేను అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకి చెప్పాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి. నా పాఠం చూడటానికి అధికారి వచ్చే ముందు, ఆ బడి హెడ్మాస్టరు ముగ్గురు పిల్లల్ని లేపి, బిందెలిచ్చి దూరపు బావికి నీళ్ళకి పంపాడు. పాఠమంతా అయ్యేదాకా రాకూడదన్నాడు. నాకు ఫస్ట్ క్లాస్ మార్కులొచ్చాయి. బయటికొస్తుంటే ఆ ముగ్గురూ నీళ్ళ బిందెలు దించుకుని గోడ పక్కన నిలబడి ఉన్నారు. నేను వాళ్ళకి చెయ్యి ఊపాను కూడా.

“ఆ ముగ్గురూ ఏమయ్యారు?” అంది మేడం.

“తెలీదండి.”

“ఊఁ” అంది ఆవిడ.

ఎదుటివాళ్ళ ఊఁ ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. బస్సు వచ్చింది. ఎక్కేముందు కాగితం మీద సంతకం చేసి నా చేతికిచ్చి, మేనకోడలికి ఇమ్మంది. చివరి గడిలో ‘మళ్ళీ హాజరు కావలెను’ అని ఉంది. ఆరు నెలలు.

బడికి తిరిగి వెళ్ళేసరికి మధ్యాహ్నం గంట మేనకోడలే కొట్టేసింది. కాగితం మేనకోడలికి ఇచ్చాను. చదివి, నాలుగు మడతలు పెట్టి, పుస్తకంలో ఆ రోజు పేజీలో పెట్టింది. ఆ పేజీలో ఏదో రాసే ఉంది. నాకు చూపించలేదు, నేను అడగలేదు.

“మా ఇంటికి భోజనానికి వస్తావా?” అని పిల్లని అడిగింది.

పిల్ల నాకేసి చూసింది. ఈసారి నేను పక్కకి తప్పుకున్నాను. పిల్ల మేనకోడలి చెయ్యి పట్టుకుంది.

ఇంట్లో మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి, “ఏమే, గెలిచొచ్చావా? మీ అమ్మకి కబురు పెట్టనా?” అని మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆగిపోయింది. పిల్లని చూసింది. అప్పుడు నాకేసి చూసింది. ఇరవై ఆరేళ్ళుగా తనకి పట్టుబడనిది ఏదో ఆ క్షణాన పట్టుబడినట్టుంది. ఇంకో కంచం తెచ్చింది.

నలుగురం కూర్చున్నాం. పిల్ల పుల్లల కట్టని కంచం పక్కన పెట్టుకుంది. మా ఆవిడ అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. మేనకోడలు తల వంచుకుని తిన్నది. ఏం తిన్నదో దానికి తెలియదు. నేను తిన్నాను. మా ఆవిడ తిన్నది.

పిల్ల నెమ్మదిగా తింటోంది. ముద్ద కలిపి, గుండ్రంగా చేసి, కాసేపు చూసి, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. మా ముగ్గురి కంచాలూ ఖాళీ అయిపోయాయి. దాని కంచంలో ఇంకా సగం ఉంది. మామూలుగా అయితే నేను తిన్న మరుక్షణం లేచేవాణ్ణి. బడి గంట కొట్టే పని నాదే. గోడ గడియారంలో ముల్లు గంట కొట్టే చోటు దాటింది. చేతికి అంటుకున్న మెతుకులు ఎండి బిగుసుకుంటున్నాయి.

ఎవరం లేవలేదు. అది ఇంకో ముద్ద కలుపుకుంది.